అరవై మూడో లక్షణం

జూన్ పదకొండో తేదీ పొద్దున తొమ్మిదిన్నరకు కర్షక ఫలరస సహకార కర్మాగారంలో గుజ్జు మిషను ఆగిపోయింది. ఆగేముందు ఒకసారి మూలిగింది. తర్వాత కాలిన వార్నీషు వాసన వచ్చింది. ఆ వాసన బాగా ఎరిగినవాడు ఆ ఫ్యాక్టరీలో ఒక్కడే, ఎలక్ట్రీషియను చెంగల్రాయుడు. మిషను దగ్గరికి పోకుండానే, తాగుతున్న టీ గ్లాసు గట్టు మీద పెట్టి, "మోటరు కాలిపాయ" అన్నాడు.

మిషను ఇటలీ సరుకు. ముప్పై ఏళ్ళకు ముందు అప్పటి డైరెక్టర్లు ఏడుగురు విమానమెక్కి పోయి, పద్దెనిమిది రోజులు దాన్ని చూసి, కొనుక్కొచ్చారు. మామిడికాయ ఒకవైపు పోస్తే టెంక ఒకవైపు, గుజ్జు ఒకవైపు పడుతుంది. దాన్ని తిప్పే మోటారు మాత్రం మామూలుది. పదిహేను హార్స్‌పవరు. చెంగల్రాయుడు జేబులోంచి వెర్నియరు తీసి ఇరుసు కొలిచాడు. నలభై రెండు మిల్లీమీటర్లు. కాళ్ళకున్న నాలుగు రంధ్రాల మధ్య దూరం కొలిచాడు. కొలవనక్కర్లేదు, అలవాటు కొద్దీ కొలిచాడు. ప్రపంచ దేశాలన్నీ కలిసి ఒప్పుకున్న విషయాలు చాలా తక్కువ. ఆ నాలుగు రంధ్రాల దూరం వాటిలో ఒకటి. ఇటలీలో చేసినా, కోయంబత్తూరులో చేసినా ఆ సైజు మోటారు ఆ బోల్టుల మీదే కూర్చుంటుంది.

బయట రోడ్డు మీద నలభై ట్రాక్టర్లు నిలబడి ఉన్నాయి. అన్నిట్లో తోతాపురి కాయలే. పదకొండో ట్రాక్టరు కన్నెమ్మది. ఆమెకు రెండెకరాల తోపు. ఏడాదికి ఒక్క కాపు. ఏడాది తిండి మొత్తం ఆ ట్రాలీలో ఉంది. సహకార సంఘంలో సభ్యురాలు కాబట్టి ఇంకో ఫ్యాక్టరీకి తోలడానికి లేదు. తోలితే సభ్యత్వం పోతుందని రూలు.

"ఏంది రాయుడా, మిషను సద్దు లేదే?" అని గేటు దగ్గర అడిగింది.

"మోటరు పోయింది అక్కా."

"ఎప్పటికి అయితాది?"

"మద్దేనానికి."

"నా కాయ నాలుగు దినాలు ఉంటాది. ఐదో దినం ఉండదు. తెలుసు కదా?"

"తెలుసక్కా. మద్దేనానికి అంటా ఉండా కదా."

మురికినీళ్ళ పంపుకు అదే సైజు మోటారు ఒకటుంది. కోయంబత్తూరుది. చెంగల్రాయుడు దాన్ని విప్పి తెచ్చి, కాలినదాని పుల్లీ దీనికి మార్చి, బోల్టులు బిగించి, ఒంటిగంటన్నరకు స్విచ్చి వేశాడు. మిషను తిరిగింది. ఇటలీ మిషనుకు అది కోయంబత్తూరు మోటారని తెలియలేదు. గంటలో మూడు ట్రాక్టర్లు ఖాళీ అయ్యాయి. కన్నెమ్మ పదకొండు నుంచి ఎనిమిదికి వచ్చింది.

రెండున్నరకు స్టోర్సు సూపరింటెండెంటు వేదాచలం భోజనం చేసి వచ్చాడు. గేటు దగ్గరే ఆగి చెవి రిక్కించాడు. పరుగెత్తుకుంటూ లోపలికొచ్చాడు.

"ఏమయ్యా, యంత్రం నడుస్తోందే!"

"నడస్తా ఉంది సార్."

"ఎవరి అనుమతితో నడుస్తోంది?"

"మోటరుతో నడస్తా ఉంది సార్."

వేదాచలం మిషను ఆపించి, ఆ మోటారు విప్పించాడు. ఎనిమిదో ట్రాక్టరు ఎనిమిదో ట్రాక్టరుగానే ఉండిపోయింది.

మేనేజింగ్ డైరెక్టరు పరాంకుశరావు గదిలో పంఖా కింద ఒక సర్క్యులరు ఉంది. దానికి యథాతథ నిబంధన అని పేరు. దాని పుట్టుక వెనక ఒక కథ ఉంది. ఎక్కడో ఒక పాలకేంద్రంలో విదేశీ కుళాయి చెడిపోతే, ఎవడో ఊళ్ళో దొరికే కుళాయి బిగించాడు. అది బాగానే పనిచేసింది. పనిచేస్తున్న సంగతి నాలుగేళ్ళకు తనిఖీలో బయటపడింది. అప్పుడు ప్రధాన కార్యాలయం ఉలిక్కిపడి, దిగుమతి యంత్రాల్లో ఏ భాగం మార్చినా కొత్త భాగం పాతభాగానికి ఏ ఒక్క విషయంలోనూ తేడాగా ఉండరాదని రాసింది. "ఏ ఒక్క విషయంలోనూ" అన్నమాట కింద రెండు గీతలున్నాయి. పరాంకుశరావు మూడో గీత గీసుకున్నాడు.

"చెంగల్రాయుడూ, నువ్వు చేసింది ఏమిటో నీకు తెలుసా?"

"మోటరు మార్చినా సార్. మూడు ట్రాక్టర్లు..."

"నడిచింది కదా అంటావు. నడవడం వేరు, నిబంధనల మేరకు నడవడం వేరు. యంత్రం అక్రమంగా నడిచే దానికన్నా సక్రమంగా ఆగి ఉండడం సంస్థకు గౌరవం. నీకు మెమో ఇస్తున్నాను. చదువుకో."

చెంగల్రాయుడు ఊరిబడిలో ఎనిమిది దాకా చదివాడు. మెమో చదవడానికి ఆ చదువు చాలు. అనుమతి లేకుండా ఒక గంటా రెండు నిమిషాలసేపు ఉత్పత్తి జరిపినందుకు సంజాయిషీ ఇవ్వమని ఉంది.

మర్నాడు యథాతథ కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు పరాంకుశరావు. కార్యదర్శి వేదాచలం. అత్యవసరం కాబట్టి రోజుకు మూడుసార్లు కూర్చోవాలని తీర్మానించారు. టిఫిను ముందొకసారి, భోజనం ముందొకసారి, టీ ముందొకసారి. పాతదానిలాంటిది కొనాలంటే ముందు పాతది ఎలాంటిదో రాయాలి. కాలిన మోటారును బల్ల మీదికెక్కించి, దాని లక్షణాలు రాయడం మొదలుపెట్టారు. చెంగల్రాయుణ్ణి సాక్షిగా నిలబెట్టారు.

"మొదటి లక్షణం. పదిహేను హార్స్‌పవరు."

"సార్, స్పీడు, ఇరుసు, ఎత్తు, రంధ్రాలు. ఈ నాలుగూ దాంతో కలిపి రాసుకుంటే చాలు. కోయంబత్తూరుకు ఫోను చేస్తే రేపు పొద్దునకి లారీలో..."

"సాక్షి అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పవలెను," అన్నాడు వేదాచలం. "రెండో లక్షణం. తయారైన సంవత్సరం వెయ్యిన్ని తొమ్మిదివందల తొంభై ఒకటి."

"సార్, ఇప్పుడు చేసే మోటరు మీద తొంభై ఒకటి అని ఎట్లా ఉంటాది?"

"అది తయారీదారుకు సంబంధించిన ఇబ్బంది. మూడో లక్షణం, వరుస సంఖ్య."

"వరస నంబరు ఒక్కో మోటరుకు ఒక్కోటి ఉంటాది కద సార్. మనిషి వేలిముద్ర మాదిరి."

"ఏ ఒక్క విషయంలోనూ," అన్నాడు పరాంకుశరావు, సర్క్యులరు మీద వేలు పెట్టి.

అలా సాగింది. బరువు తూచారు. తూచేటప్పుడు దానికి అంటుకున్న గ్రీజు తుడవకూడదని వేదాచలం పట్టుబట్టాడు. గ్రీజుతో కలిపి నూటపదిహేడు కిలోల నాలుగువందల గ్రాములు. ఎడమవైపు పొట్టన అర్ధరూపాయంత సొట్ట. రంగు నీలం. ఆ నీలం ఇటలీది కాదని, పన్నెండేళ్ళకు ముందు మేనేజింగ్ డైరెక్టరు గారి ఇంటి గేటుకు వేయగా మిగిలిన డబ్బాలోదని చెంగల్రాయుడు చెప్పాడు. సాక్షి ఊహాగానాలు రికార్డుకెక్కవని వేదాచలం అన్నాడు. ముప్పై ఏడో లక్షణం, టెర్మినల్ పెట్టెలో సాలెగూడు ఒకటి. సాలీడు ఉందా లేదా అని అరగంట చర్చ జరిగింది. ప్రస్తుతానికి లేదని రాశారు.

నలభై ఒకటో లక్షణం దగ్గర వేదాచలం కళ్ళజోడు పైకి జరుపుకున్నాడు. "మోటారు ముఖభాగమున మూడు తెల్లని అడ్డగీతలు, నడుమ ఒక ఎర్రని చుక్క. పెయింటుతో వేయబడినవి. తయారీదారు చిహ్నమై ఉండవచ్చును."

వేదాచలం నుదుటి మీద కూడా మూడు తెల్లని అడ్డగీతలు, నడుమ ఒక ఎర్రని చుక్క ఉన్నాయి.

"అవి విబూతి గీతలు సార్," అన్నాడు చెంగల్రాయుడు. "ఆయుధపూజకి పెట్టింది."

"విభూతి అయితే రాలిపోవాలి. ఇది పెయింటు."

"గ్రీజు మింద విబూతి నిలవలేదని పెయింటుతో పెట్టింది."

"ఎవరు పెట్టింది?"

"నా పెండ్లాము. వల్లెమ్మ. ఈడ కాయలు ఏరే పనికి వస్తా ఉండె. 'ఏటేటా పెట్టేది, వారానికి పోయేది. ఒకసారికి నిలిచేట్టు పెడతా ఉండు' అని బ్రష్షు అడిగి తీసుకునింది."

పరాంకుశరావు, వేదాచలం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. విషయం గంభీరంగా కనపడింది. ఇది యంత్రంతో వచ్చిన లక్షణమా, తర్వాత చేరిన లక్షణమా? తేలాలంటే వేసిన మనిషి వాఙ్మూలం కావాలి.

"ఆమెను రేపు పదిగంటలకు కమిటీ ముందు హాజరుపరచు," అన్నాడు పరాంకుశరావు.

"ఆమె వచ్చేదానికి లేదు సార్."

"కమిటీ పిలిస్తే రాదంటే ఎలా?"

"తొమ్మిదేండ్లాయె సార్, చచ్చిపోయి."

వేదాచలం కలం మూత తీశాడు.

"అయితే మరణ ధ్రువపత్రం జతపరచు. రెండు నకళ్ళు."

చెంగల్రాయుడు ఇంటికి పోయి, పెట్టె అడుగునుంచి ఆ కాగితం తీసి, బజారులో రెండు నకళ్ళు తీయించి తెచ్చాడు. నలభై ఒకటో లక్షణం కింద దాన్ని గుండుసూదితో గుచ్చారు. ఆయుధపూజ నాడు వల్లెమ్మ ఆ మోటారును చూసి, "నాకన్నా దీనికే ఎక్కువ సేవ చేస్తా ఉండావు, దీన్నే కట్టుకోకపోతివా" అంది. ఆ సంగతి చెంగల్రాయుడు కమిటీకి చెప్పలేదు. చెప్పి ఉంటే నలభై రెండో లక్షణం అయ్యేది.

సాయంత్రానికి అరవై రెండు అయ్యాయి. చివరగా వేదాచలం వైరు తగిలించి స్విచ్చి వేయించాడు. ఏమీ కాలేదు. "అరవై మూడో లక్షణం," అని రాసుకున్నాడు. "స్విచ్చి వేసినచో తిరగదు."

"అది లక్షణం కాదు సార్, రోగం," అన్నాడు చెంగల్రాయుడు.

"ఉన్నది ఉన్నట్టు రాయడమే యథాతథం."

రాతకోతలు అయ్యాక కాలిన మోటారును ఫ్యాక్టరీలో ఉంచడానికి లేదని తేలింది. కాలిన వస్తువు ఆవరణలో రెండు రోజులు మించి ఉంటే అగ్నిప్రమాద నిబంధన ఒప్పుకోదు. దాన్ని పాతసామాను కింద ఊళ్ళో మోటార్లకు తీగ చుట్టే చాంద్ బాషాకు తోలేశారు.

ఈలోగా రోడ్డు మీద కాయలు మాగిపోతాయన్న భయం మొదలైంది. రైతులు గేటు దగ్గర కేకలు పెట్టారు. పరాంకుశరావు బయటికి వచ్చి, ఎవరికీ అన్యాయం జరగదని, అందరికీ టోకెన్లు ఇస్తామని ప్రకటించాడు. ఆయన హయాంలో టోకెన్లు కూడా యథాతథంగానే ఇస్తారు. వేదాచలం ట్రాక్టరు ట్రాక్టరుకూ వెళ్ళి కాయ నొక్కి చూసి రాశాడు. కన్నెమ్మ టోకెనులో ఇలా ఉంది: క్రమసంఖ్య ఎనిమిది. బరువు ఏడు టన్నుల మూడువందల కిలోలు. రంగు ఆకుపచ్చ. గట్టిదనం రాయి వలె. వాసన లేదు. ఈగలు లేవు.

"ఈగల్ని కూడా రాస్తారా సామీ?" అంది కన్నెమ్మ.

"లేవని రాశానమ్మా. నీకు మంచిదే."

ఆమె ఆ టోకెనును ముడేసి కొంగున కట్టుకుంది.

మూడోరోజు అత్యవసర టెండరు పిలిచారు. ఇటలీ కంపెనీకి కూడా అరవై మూడు లక్షణాలూ పంపి, ఇవన్నీ ఉన్న మోటారు పంపమని రాశారు. నాలుగోరోజు పొద్దునకే జవాబు వచ్చింది. అయ్యా, మేము మోటార్లు చేయము, మిషను మాత్రమే చేస్తాము, ఆ మోటారు అప్పట్లో మేమూ బజారులో కొన్నదే, మీ దేశంలో దొరికే అదే సైజు మోటారు ఏదైనా నిక్షేపంగా పెట్టుకోవచ్చును అని రాశారు. కింద ఒక ప్రశ్న వేశారు. మూడు తెల్ల గీతలు, ఎర్ర చుక్క అనేవి మీ దేశంలో ఏ ప్రమాద హెచ్చరికకు గుర్తు?

చెంగల్రాయుడి ముఖం విప్పారింది. "ఇంకేముంది సార్! చేసినోడే పెట్టుకోమంటా ఉండాడు."

పరాంకుశరావు జాలిగా నవ్వాడు. "చేసినవాడికి యంత్రం గురించి తెలియవచ్చు. సర్క్యులరు గురించి ఏం తెలుసు? దాన్ని వ్యాఖ్యానించే అధికారం ఆయనకు లేదు. ఫైలులో పెట్టండి."

టెండర్లు అయిదొచ్చాయి. అయిదు మోటార్లూ హార్స్‌పవరులో సరిపోయాయి, స్పీడులో సరిపోయాయి, ఇరుసులో, ఎత్తులో, రంధ్రాల్లో సరిపోయాయి. అయిదూ కొత్తవి. ఆ ఒక్క లోపంతో అయిదింటినీ తిరస్కరించారు. ఒక బేరగాడు మాత్రం తెలివిగా మూడు గీతలూ చుక్కా వేయించి పంపాడు. కానీ సొట్ట కుడివైపు కొట్టించాడు.

ఆ మధ్యాహ్నం చెంగల్రాయుడు బయటికొచ్చేసరికి రోడ్డంతా తియ్యని వాసన. కొన్ని ట్రాలీల కిందినుంచి రసం కారుతోంది. కన్నెమ్మ ట్రాలీ పైకెక్కి, మెత్తబడిన కాయలు వేరుచేసి పక్కన పడేస్తోంది. కొంగుతో ఈగల్ని తోలుతోంది. చెంగల్రాయుణ్ణి చూసి ఆపింది.

"రాయుడా, నాలుగో దినం ఇది. మద్దేనానికి అంటివే. ఏ మద్దేనానికి?"

చెంగల్రాయుడు సైకిలెక్కి ఊళ్ళోకి పోయాడు.

చాంద్ బాషా రీవైండింగు షాపు బస్టాండు వెనక ఉంది. కాలిన మోటారు గుమ్మం ముందే పడుంది. రాగి పీక్కుందామని బాషా అప్పుడే ఉలి తీశాడు.

"ఆపు బాషా, ఆపు! దాన్ని చుట్టల్ల."

"దీన్నా? ఇది మీవోళ్ళే పారేసింది రాయుడన్నా. ఇప్పటికి నాలుగుసార్లు చుట్టినా దీన్ని. లోపల ఇటలీ తీగ ఒక్క మూరెడు లేదు. అంతా నా చేతి తీగే."

"ఇప్పుడు అయిదోసారి చుట్టు. రేపు మద్దేనానికి కావాల. తుడవద్దు, రంగు వెయ్యద్దు. గ్రీజు గోకద్దు. ముప్పై ఏడోది సాలెగూడు, దాన్ని తాకబాక."

"నీకు పిచ్చి పట్టిందా అన్నా?"

"నాకు కాదు. వాళ్ళకు కావాల్సింది ఇట్లాంటిది కాదురా, ఇదే. ప్రపంచంలో ఇంకోటి లేదు."

బాషాకు అర్థమై, పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే విప్పడం మొదలుపెట్టాడు.

అయిదోరోజు మధ్యాహ్నం చాంద్ బాషా ఆటోలో మోటారు తెచ్చాడు. టెండరు కాగితం చెంగల్రాయుడు రాసిచ్చాడు. కమిటీ పట్టిక తెరిచి ఒక్కొక్క లక్షణం సరిచూసింది. తయారైన సంవత్సరం సరే. వరుస సంఖ్య సరే. సొట్ట ఎడమవైపే. గ్రీజుతో సహా బరువు గ్రాము తేడా లేదు. బాషా తూకం చూసుకుంటూ చుట్టాడు మరి. సాలెగూడు ఉంది. సాలీడు ప్రస్తుతానికి లేదు. మూడు గీతలు, ఎర్ర చుక్క. పరాంకుశరావు కుర్చీలోంచి లేచాడు. "ఇంతటి నాణ్యత ఈ చిన్న ఊళ్ళో దొరుకుతుందని నేననుకోలేదు," అన్నాడు.

మెప్పుకు బాషా ఉబ్బిపోయాడు. "నాణ్యతంటే ఇది కాదు సార్, తిరిగేది చూడండి," అని ఎవరూ అడగకుండానే వైరు తగిలించి స్విచ్చి వేశాడు. మోటారు సన్నగా, సుఖంగా తిరిగింది.

వేదాచలం ముఖం మాడిపోయింది.

"తిరుగుతోందండీ," అన్నాడు.

"తిరగకపోతే మోటరెందుకు సార్?" అన్నాడు బాషా.

పరాంకుశరావు కూర్చున్నాడు. పట్టిక అడుగుదాకా వేలు జరిపాడు. "అరవై రెండు సరిపోయాయి," అన్నాడు చివరికి. "అరవై మూడోది సరిపోలేదు. స్విచ్చి వేసినచో తిరగదు అని ఉంది. ఇది తిరుగుతోంది. విచారిస్తున్నాను. తిరస్కరించడమైనది."

"తిరగని మోటరే కావల్లనుంటే నాకెందుకు సార్ ఒక దినం పని? మీరిచ్చినప్పుడే తిరగలేదు కద!" అని బాషా నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

చెంగల్రాయుడు కిటికీలోంచి బయటికి చూశాడు. కన్నెమ్మ ట్రాలీలో సగానికి పైగా కాయ ఇంకా బాగానే ఉంది. మాగి, పసుపుపచ్చగా, గుజ్జుకు ఆ రోజుకు సరిగ్గా పనికొచ్చేటట్టుగా ఉంది. రేపటికి ఉండదు. అతను మెల్లగా వంగి, బల్ల కింద వైరు పీకేశాడు.

"ఇప్పుడు చూడండి సార్," అన్నాడు. స్విచ్చి వేశాడు. మోటారు కదల్లేదు. మళ్ళీ వేశాడు. కదల్లేదు.

"తిరగదా?" అన్నాడు వేదాచలం ఆశగా.

"కంటి ముందరే ఉండాది కద సార్."

వేదాచలం తనచేత్తో రెండుసార్లు స్విచ్చి వేసి చూశాడు. తిరగలేదు. కలం మూత తీసి, "అరవై మూడు, స్విచ్చి వేసినచో తిరగదు, సరిపోయినది" అని రాశాడు. ఇద్దరూ సంతకాలు చేశారు. బాషా ఏదో అనబోతే చెంగల్రాయుడు కాలు తొక్కాడు.

నాలుగుగంటలకు మోటారు తన పాత బోల్టుల మీద కూర్చుంది. వైర్లు తగిలాయి. మిషను తిరిగింది. పరాంకుశరావు దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. "నిబంధన పాటిస్తే చాలు. యంత్రాలు వాటంతట అవే నడుస్తాయి," అన్నాడు. ఆ ఒక్క మాటకు చెంగల్రాయుడు కూడా తల ఊపాడు. గేటు తెరవమని కేకేశాడు.

ముందున్న ఏడు ట్రాక్టర్లూ కాయ కుళ్ళి అప్పటికే వెనక్కి పోయాయి. ఎనిమిదో నంబరు ట్రాక్టరు తూనిక మీదికి వచ్చింది. కన్నెమ్మ కొంగుముడి విప్పి టోకెను ఇచ్చింది. వేదాచలం టోకెను ఒక చేత్తో, కాయ ఒక చేత్తో పట్టుకున్నాడు.

"బరువు ఏడు టన్నుల మూడువందలని ఉంది. ఇప్పుడు ఆరే ఉంది."

"కారిపోయింది కద సామీ. అయిదు దినాలు ఎండలో నిలిపితిరే."

"రంగు ఆకుపచ్చ అని ఉంది. ఇది పసుపుపచ్చ. గట్టిదనం రాయి వలె అని ఉంది. ఇది నొక్కితే దిగుతోంది. వాసన లేదని ఉంది. వస్తోంది. ఈగలు లేవని ఉంది." వేదాచలం ముక్కు మీది ఈగను తోలుకున్నాడు. "టోకెను ఒక సరుకుకు, తెచ్చింది ఇంకో సరుకు. యథాతథంగా లేదు."

కన్నెమ్మ పరాంకుశరావు వైపు తిరిగింది. "అయ్యా, కాయ మాగతాది. గుజ్జు తీసేది మాగినదాన్నే కద?"

"మాగడం కూడా వ్యత్యాసమే తల్లీ. నా చేతుల్లో ఏమీ లేదు."

"నువ్వు పుట్టినప్పుడే ఈ మీసం ఉండిందా అయ్యా?"

ట్రాక్టర్ల మీది జనం గొల్లుమన్నారు. పరాంకుశరావు మీసం తడుముకున్నాడు. "వ్యక్తులకు ఈ సర్క్యులరు వర్తించదు," అన్నాడు.

వెనక ఇరవైతొమ్మిది ట్రాక్టర్లున్నాయి. ఇరవైతొమ్మిది టోకెన్లలోనూ ఆకుపచ్చ అనే ఉంది, రాయి వలె అనే ఉంది, ఈగలు లేవనే ఉంది. నవ్వు ఆగిపోయింది.

కన్నెమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ట్రాక్టరును వెనక్కి తీయించి, గేటులో, పరాంకుశరావు జీపు ముందర, ట్రాలీ వెనక తలుపు తానే ఊడదీసింది. ఆరు టన్నుల కాయ జారి కుప్పపడింది.

"టెంకలు మాత్రం యథాతథంగానే ఉండాయి సామీ," అంది వేదాచలంతో. "ఎంచుకోండి."

లోపల మిషను ఖాళీగా తిరుగుతోంది. కాయ పడకుండా తిరిగితే లోపలి రబ్బరు తెడ్లు పొడి జల్లెడను రాసుకుని వేడెక్కుతాయి. పట్టేస్తాయి. చెంగల్రాయుడికి ఆ సంగతి ముప్పై ఏళ్ళుగా తెలుసు. స్విచ్చి మీద చెయ్యి పెట్టాడు. గేటు వైపు చూశాడు. చెయ్యి తీసేసి, వీపు వెనక కట్టుకున్నాడు.

"ఏమయ్యా, ఖాళీగా తిరుగుతుంటే చూస్తావే? ఆపు!" అని వేదాచలం అరిచాడు.

"రాసియ్యండి సార్."

"ఏమిటి రాసిచ్చేది?"

"ఆపమని. నడిపినందుకు మెమో ఇస్తిరి. ఆపినందుకు ఏమిస్తారో నాకు తెలీదు. నడిచేది ఆగితే అది కూడా తేడానే కద సార్?"

వేదాచలం కలం మూత తీసి, మళ్ళీ పెట్టాడు. పాయింటు ఉంది. నడుస్తున్న యంత్రాన్ని ఆపడం యథాతథ స్థితికి భంగమా కాదా? పరాంకుశరావు దగ్గరికి పరుగెత్తాడు. కమిటీ కూర్చుంది. టీ ముందు సమావేశం ఎలాగూ ఉంది కాబట్టి వేరే నోటీసు అవసరం లేకపోయింది. ఆపడం లక్షణమా, చర్యా అన్న దగ్గర మాట తెగలేదు. పావుగంట గడిచింది. మిషను ఒకసారి మూలిగింది. తర్వాత వార్నీషు వాసన వచ్చింది.

పొగ తగ్గాక పరాంకుశరావు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చి చూశాడు. చేతిలో పట్టిక ఉంది. అరవై మూడో లక్షణం దగ్గర వేలు ఆగింది. స్విచ్చి వేయించాడు. తిరగలేదు. ఈసారి వైరు తగిలే ఉంది. ఆయన ముఖంలోకి మెల్లగా తెరిపి వచ్చింది.

ఆ సాయంత్రమే ప్రధాన కార్యాలయానికి నివేదిక పోయింది. సదరు మోటారు ప్రస్తుతము అరవై మూడు లక్షణములలోను మూలమోటారుతో యథాతథముగా సరిపోవుచున్నదనియు, కాయలు మాత్రము నిర్ణీత ప్రమాణములలో అందవలసి యున్నదనియు అందులో ఉంది. వారంలో అభినందన లేఖ వచ్చింది. చెంగల్రాయుడికి రెండో మెమో వచ్చింది.

కానీ అది తర్వాతి సంగతి. ఆరోజు పనివాళ్ళందరూ పోయాక చెంగల్రాయుడు పీచు తీసుకుని మోటారు ముఖాన పట్టిన మసి తుడిచాడు. కింద మూడు గీతలూ, చుక్కా అలాగే ఉన్నాయి. పీచు పారేసి, వెర్నియరు జేబులో పెట్టుకుని గేటుకు వచ్చాడు. కన్నెమ్మ ట్రాక్టరు లేదు. కాయల కుప్ప ఉంది. పరాంకుశరావు జీపు హారను కొడుతోంది. కుప్పను తోయడానికి ఎవరూ రాలేదు. కొంచెంసేపు చూసి, డ్రైవరు గేరు వేసి, జీపును దాని మీదుగానే ఎక్కించాడు. టెంకలు పటపటమని ఒకవైపు చిమ్మాయి. గుజ్జు ఒకవైపు పడింది.

ఆ ఏడాది ఆ గేటు లోపల ఆ తర్వాత తీసిన గుజ్జు అదొక్కటే.